మీ ఊరి డైరెక్టరీ సైట్ గూగుల్ దెబ్బ తినకుండా నడపడం ఎలా?

“మా ఊరి షాపుల నంబర్లన్నీ ఒకచోట పెట్టి సైట్ చేశానండీ. మూడు నెలలు జనం బాగానే వచ్చారు. ఇప్పుడు గూగుల్‌లో మా సైట్ పేరు కొట్టినా కనబడటం లేదు. పెనాల్టీ పడిందంటారా?”

బొబ్బిలి నుంచి, నరసన్నపేట నుంచి, చీపురుపల్లి నుంచి, పలాస నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. అడిగేవాళ్ళు ఎక్కువగా డిగ్రీ పూర్తయ్యి, ఊళ్ళోనే ఉండి సొంతంగా ఏదైనా నిలబెట్టుకుందామని చూస్తున్న పిల్లలు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేకన్నా మొత్తం ఒకేచోట రాసి పెడితే మేలనిపించింది.

నేను విజయనగరంలో ఇలాంటి డైరెక్టరీయే నడుపుతున్నాను. ఇది నా రెండో ప్రయత్నం. మొదటిసారి ఆరు వేల వరసలున్న ఎక్సెల్ షీట్ ఒకటి కొని, వరసకో పేజీ చొప్పున ఒక్క రాత్రిలో సైట్ తయారు చేశాను. నాలుగో నెలకల్లా గూగుల్ ఇండెక్స్‌లో, అంటే గూగుల్ తన ఫలితాల్లో చూపించడానికి దాచుకునే పేజీల జాబితాలో, నలభై పేజీలు కూడా మిగల్లేదు. రెండోసారి ఏడాదంతా తిరిగితే మూడు వందల నలభై ఎంట్రీలే అయ్యాయి. అవి మాత్రం నిలిచాయి. కింద రాసిన పద్ధతి ఆ రెండో ఏడాదిలో కుదురుకున్నది.

ముందు ఒక భయం తీసేస్తాను. డైరెక్టరీ అయినంత మాత్రాన గూగుల్ ఎవరినీ శిక్షించదు. 1994లో మొదలైన యాహూ డైరెక్టరీ 2014 దాకా నడిచింది. వాలంటీర్లు నడిపిన డీమోజ్ 1998 నుంచి 2017 దాకా ఉంది. చెడ్డపేరు తెచ్చినవి వేరే. గూగుల్‌లో పైకి రావడానికి పనికొచ్చే లింకులు అమ్ముకోవడానికే పుట్టి, డబ్బిచ్చిన ప్రతి సైట్‌నూ చేర్చుకున్న డైరెక్టరీలు వేలల్లో ఉండేవి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్‌తో అలాంటి లింకుల విలువ కూలిపోయింది. అప్పటి నుంచి డైరెక్టరీ అనగానే జనానికి అనుమానం. మీరు చేయాల్సింది ఆ బాపతు సైట్లకు ఏ రకంగానూ పోలిక లేకుండా ఉండటం.

మొదలుపెట్టే ముందు కావలసినవి

- మీ పేరు మీదే రిజిస్టర్ అయిన డొమైన్. డాట్ ఇన్ అయితే ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూ అవుతుంది. పాత సైట్ పేరు ఎవరో వదిలేశారని, దాని పేరుప్రతిష్ఠలు కలిసొస్తాయని కొనకండి. గడువు తీరిన డొమైన్లతో చేసే ఆ పనికి గూగుల్ స్పామ్ నియమాల్లో విడిగా ఒక పేరే ఉంది.
- గూగుల్ సెర్చ్ కన్సోల్, బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో ఖాతాలు. మీ సైట్ ఆ సెర్చ్ ఇంజిన్లలో ఎలా ఉందో చూపించేవి ఇవి. రెండూ ఉచితమే. సైట్ తెరిచిన రోజే పెట్టుకోండి.
- షాపుల వివరాలకు ఒక షీట్. అందులో “ఆఖరిసారి సరిచూసిన తేదీ” అనే గడి తప్పనిసరి.
- వేరే సిమ్. మీ ఇంటి నంబరు ఇవ్వకండి, రాత్రి పదకొండుకు కూడా చేస్తారు.
- బండి, వారానికి నాలుగైదు గంటల తీరిక, ఫొటోలు సరిగా తీసే ఫోన్.

1. హద్దు గీసుకోండి

“ఉత్తరాంధ్ర మొత్తం” అని మొదలుపెట్టకండి. ఒక పట్నమో, ఒక వ్యాపారమో ఎంచుకోండి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు అమ్మేవాళ్ళు. పొందూరు ఖాదీ దొరికే చోట్లు. సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్లు. విజయనగరంలో ఆదివారం తెరిచి ఉండే క్లినిక్‌లు. వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా ఏడాదికి సరిపడా పని. పైగా ఆ సమాచారం సరిగ్గా ఉన్న సైట్ ఇప్పటికీ దొరకడం కష్టం.

హద్దు గీసేటప్పుడే ఊరి పేరు విషయంలో జాగ్రత్తపడండి. తెలుగులో విజయనగరం అని కొడితే హంపీ చరిత్ర కూడా వస్తుంది. శ్రీకాకుళం అని కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర ఇంకో ఊరుంది. కాబట్టి పేజీ శీర్షికలో ఊరితో పాటు పేటో, జంక్షనో, జిల్లానో ఉండాలి.

జిల్లా అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చింది. పాలకొండ, సాలూరు కొత్తగా ఏర్పడ్డ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. రాజాం పిన్ కోడ్ మాత్రం ఇప్పటికీ 532తోనే మొదలవుతుంది. పిన్ కోడ్ చూసి జిల్లా పేరు దానంతటదే పడేలా పెట్టిన సైట్లన్నీ ఇక్కడ తప్పుతున్నాయి. శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషన్ సంగతీ అంతే. అది ఉన్నది ఆమదాలవలసలో. “స్టేషన్ పక్కన లాడ్జి” అని రాసేముందు ఏ ఊళ్ళోనో చూసుకోండి. ఇలాంటివి సరిగ్గా రాయడమే మీ బలం. ఎక్కడో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని లక్ష ఎంట్రీలు నింపేవాళ్ళకు ఇది తెలియదు.

2. వివరాలు మీరే వెళ్ళి తెచ్చుకోండి

లిస్టు కొనకండి. గూగుల్ మ్యాప్స్ నుంచీ, పెద్ద డైరెక్టరీల నుంచీ ప్రోగ్రాం పెట్టి లాక్కోకండి. అది వాళ్ళ నిబంధనలకు విరుద్ధం. అదొక్కటే కాదు, ఆ సమాచారం గూగుల్ దగ్గర ముందే ఉంది. తన దగ్గరున్నదాన్నే మళ్ళీ మీ సైట్‌లో చూపించాల్సిన అవసరం దానికి లేదు.

కొన్న షీట్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందులోని నంబర్లకు వరసగా ఫోన్ చేయడం మొదలుపెడితే మూడో ఫోన్‌కే ఒక పెద్దాయన, “ఏటి బాబూ, ఈ నంబరు మా తమ్ముడిది. ఆడు దుకాణం మూసీసి విశాఖపట్నం ఎల్లిపోనాడు. రోజుకొకరు చేస్తన్నారు” అన్నారు. ఆ రోజు ఇరవై నంబర్లకు చేస్తే పనికొచ్చినవి ఏడు. మిగతా పదమూడింటినీ నేను నెలల తరబడి జనానికి చూపిస్తున్నాను. ఆ పెద్దాయన విసుగు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

షాపుకు వెళ్ళినప్పుడు అడగాల్సినవి ఇవి:

- బోర్డు మీద ఉన్న పేరు, జనం పిలిచే పేరు. రెండూ వేరైతే రెండూ రాయండి.
- ఏ జంక్షన్ నుంచి ఎటు రావాలి. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్లు, ఆర్టీసీ కాంప్లెక్స్. శ్రీకాకుళంలో అయితే ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్. మనవాళ్ళు దారి అడిగేది ఇలాగే, ఇంటి నంబర్లతో కాదు.
- వారంలో ఏ రోజు సెలవు, మధ్యాహ్నం మూస్తారా, సిరిమానోత్సవం నాడు తెరుస్తారా.
- ఏది దొరుకుతుంది, ఏది దొరకదు. ఈ రెండోది చాలామంది అడగరు. చదివేవాళ్ళకు ఎక్కువ పనికొచ్చేది అదే.
- మెట్లు ఎక్కాలా, బండి పెట్టుకోవడానికి చోటుందా.
- ఇచ్ఛాపురం, సోంపేట వైపు అయితే ఒరియా మాట్లాడతారా.
- ఫోన్ నంబరు నెట్‌లో పెట్టడానికి ఒప్పుకుంటున్నారా.

ఆఖరిది తేలిగ్గా తీసుకోకండి. ఇంటి నుంచి పచ్చళ్ళు అమ్మే అక్క నంబరు ఆమె సొంత నంబరే. 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నోటితో అడిగి ఊరుకోకుండా, “మీ వివరాలు ఇలా పెడుతున్నాం, వద్దంటే తీసేస్తాం” అని వాట్సాప్‌లో పంపి, సరే అన్న జవాబు దాచుకోండి. తీసేయమని అడిగితే ఆ రోజే తీసేయండి.

వెళ్ళే వీలు లేకపోతే: ఆ మండలంలో ఉన్న స్నేహితుడికో, మెడికల్ రిప్రజెంటేటివ్‌కో, పాల ఏజెంటుకో ఎంట్రీకి ఇంత అని ఇచ్చి చేయించుకోండి. కానీ ప్రతి ఎంట్రీకి షాపు ముందు తీసిన ఫొటో అడగండి.

3. ఒక్కో పేజీలో ఒక్క షాపే కనబడాలి

ఇలాంటి పేజీలు నెట్ నిండా ఉన్నాయి: “విజయనగరంలోని ఉత్తమ టైలర్లలో వీరు ఒకరు. నాణ్యమైన సేవలకు పెట్టింది పేరు. వినియోగదారుల సంతృప్తే వీరి ధ్యేయం.” పేరు మార్చి శ్రీకాకుళంలోని బేకరీకి పెట్టినా అతికిపోతుంది. అందుకే అది పనికిరాదు.

ఇప్పుడు ఇది చూడండి: “బ్లౌజులు మాత్రమే కుడతారు, డ్రెస్సులు తీసుకోరు. మొదటి అంతస్తు, మెట్లు నిటారుగా ఉంటాయి. మంగళవారం సెలవు. దసరాకు, సంక్రాంతికి పదిహేను రోజుల ముందే ఆర్డర్లు ఆపేస్తారు. కొలత బ్లౌజు తెస్తే సాయంత్రం ఆరు తర్వాత కూడా తీసుకుంటారు.” ఐదు చిన్న వాక్యాలు. ఇంకే షాపుకూ అతకవు.

పరీక్ష ఇదే. పేజీలో షాపు పేరు చేత్తో మూసి, మిగతాది ఆ వీధివాళ్ళకు చదివి వినిపించండి. ఏ షాపో చెప్పగలిగితే పేజీ బాగున్నట్టు.

ఒక హెచ్చరిక. ఇప్పుడు ఏఐతో వెయ్యి షాపులకు వెయ్యి వర్ణనలు పది నిమిషాల్లో రాయించవచ్చు. చేయకండి. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల్లో, ర్యాంకు కోసం కుప్పలుగా తయారుచేసే పేజీల గురించి విడిగా రాసింది. మనిషి రాసినా, యంత్రం రాసినా, రెండూ కలిపి రాసినా ఆ నియమం ఒక్కటే. మీరు తెచ్చిన వివరాల్లో అక్షరదోషాలు దిద్దించుకోవడానికి ఏఐని వాడుకుంటే తప్పులేదు. లేని వివరాలు పుట్టించమంటేనే ప్రమాదం.

నేను పెట్టుకున్న నియమం ఒకటి చెబుతాను. పేరు, చిరునామా, ఫోన్ కాకుండా కనీసం నాలుగు సొంత వివరాలు లేని పేజీకి నోఇండెక్స్ ట్యాగ్ పెడతాను. ఈ పేజీని ఫలితాల్లో చూపించొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు అది. సైట్‌కి వచ్చినవాళ్ళకు అది కనబడుతుంది, గూగుల్‌కు ఇవ్వను. వివరాలు నిండాక ట్యాగ్ తీసేస్తాను.

4. ఊరికో పేజీ, పనికో పేజీ: ఇక్కడే ఎక్కువమంది పడిపోతున్నారు

ఈ అంకెలు చూడండి. మీ దగ్గర 30 ఊళ్ళు, 40 రకాల పనులు ఉన్నాయనుకోండి. ఊరికి, పనికి జత కలిపి పేజీలు చేయిస్తే 1,200 వస్తాయి. మీ దగ్గరున్న షాపులు 340. అంటే ఎక్కువ పేజీలు ఖాళీ. ఖాళీగా కనబడకూడదని అందరూ చేసే పని ఒకటుంది. “నెల్లిమర్లలో ప్లంబర్లు”, “గజపతినగరంలో ప్లంబర్లు”, “డెంకాడలో ప్లంబర్లు” అన్నిట్లోనూ విజయనగరంలోని ఆ ముగ్గురు ప్లంబర్లనే చూపిస్తారు. పైన ఊరి పేరు మాత్రం మారుతుంది.

గూగుల్ వీటిని డోర్‌వే పేజీలు అంటుంది. గుమ్మాలు చాలా ఉన్నా లోపల గది ఒక్కటే అన్నమాట. ఒకదానికొకటి పోలిన పేజీలు, వరసగా చూసుకుంటూ వెళ్ళే ఏర్పాటు లేకుండా సెర్చ్ ఫలితాల్లా ఉండే పేజీలు అని ఆ నియమాల్లోనే ఉదాహరణ ఉంది. మన డైరెక్టరీలు పడిపోయే గొయ్యి సరిగ్గా అదే.

ఇలా చేయండి:

- ఒక ఊరికి, ఒక పనికి కనీసం ఐదు అసలైన ఎంట్రీలు ఉంటేనే విడి పేజీ ఇండెక్స్‌కు ఇవ్వండి. ఐదు అనేది గూగుల్ చెప్పిన అంకె కాదు, నా అనుభవంలో కుదిరింది.
- ఐదు లేకపోతే చుట్టుపక్కల ఊళ్ళు కలిపి ఒకే పేజీ చేయండి. “నెల్లిమర్ల, డెంకాడ వైపు వచ్చే ప్లంబర్లు” అని నిజం రాయండి. విజయనగరం నుంచి రావడానికి విడిగా ఛార్జీ తీసుకుంటారా అన్నది కూడా రాస్తే ఆ పేజీకి సొంత విలువ వస్తుంది.
- ప్రతి వర్గం పేజీ పైన నాలుగు వాక్యాలు మీరు రాయండి. బొబ్బిలి వీణల పేజీ అయితే గొల్లపల్లిలో తయారుచేస్తారని, పనస కర్రతో చేస్తారని, కొనేముందు ఏం చూడాలో రాయండి. “బొబ్బిలిలో ఉత్తమ వీణల కోసం మా లిస్టు చూడండి” అని రాస్తే అది రాయనట్టే.

తర్వాత ఫిల్టర్లు. “ఇప్పుడు తెరిచినవి”, “రేటింగ్ ప్రకారం”, “అ నుంచి హ దాకా” అని మీటలు పెడితే ఒక్కో మీటకు ఒక్కో చిరునామా పుడుతుంది. ఆ చిరునామాలన్నీ గూగుల్ కంటపడితే మీ 340 షాపుల సైట్ ఇరవై వేల పేజీలదిగా కనబడుతుంది. వాటికీ, సైట్ లోపల వెతికితే వచ్చే ఫలితాల పేజీలకూ నోఇండెక్స్ పెట్టండి.

ఇక్కడ ఒక తప్పు చాలామంది చేస్తున్నారు, నేనూ చేశాను. నోఇండెక్స్ పెట్టి, అదే పేజీని రోబోట్స్ ఫైల్‌లో (ఏ పేజీలు తెరవకూడదో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైల్) కూడా అడ్డుకుంటారు. తలుపు మూసేస్తే లోపల గోడ మీద రాసింది గూగుల్ ఎలా చదువుతుంది? నోఇండెక్స్ పని చేయాలంటే ఆ పేజీని చూడనివ్వాలి. ముందు నోఇండెక్స్‌తో వదిలి, ఇండెక్స్ నుంచి పోయాక, అవసరమైతే అప్పుడు రోబోట్స్‌లో ఆపండి.

ఇంకొకటి, స్పెల్లింగులు. ఇంగ్లీషు అక్షరాల్లో విజయనగరం పేరును జెడ్‌తో రాసేవాళ్ళు, జేతో రాసేవాళ్ళు, మధ్యలో ఒక అక్షరం ఎగరగొట్టేవాళ్ళు ఉన్నారు. ఆమదాలవలసకూ అంతే. ఒక్కో స్పెల్లింగుకు ఒక్కో పేజీ పెట్టొద్దు. ఒకే పేజీ ఉంచి, పొరపాటున పుట్టిన మిగతా చిరునామాలను దానికి మళ్ళించండి. తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ రెండూ ఉండటం తప్పు కాదు, అనువాదాన్ని నకలుగా చూడరు. కానీ యంత్రం చేసిన అనువాదాన్ని చదవకుండా పెడితే “ఏడు రోడ్ల జంక్షన్” ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

5. డబ్బు తీసుకోండి, లింకు అమ్మకండి

సైట్ నడవాలంటే డబ్బు కావాలి. ప్రకటనలు అమ్ముకోవడం తప్పు కాదు. గూగుల్ ర్యాంకు పెరుగుతుందని చెప్పి లింకు అమ్మితేనే తప్పు.

ఏ లింకు ఎలాంటిదో గూగుల్‌కు చెప్పడానికి సైట్ కోడ్‌లో లింకుకు పెట్టే గుర్తులు మూడు. డబ్బు తీసుకున్న లింకుకు స్పాన్సర్డ్ అని పెట్టండి. షాపువాళ్ళే ఫారంలో నింపి పంపిన లింకుకు యూజీసీ (వాడుకరులు పెట్టినది) అని పెట్టండి. ఈ రెండూ 2019లో వచ్చాయి. అంతకు ముందు 2005 నుంచి ఉన్నది నోఫాలో. ఎటూ తేలకపోతే అది పెట్టండి. మీరు స్వయంగా వెళ్ళి చూసి, పైసా తీసుకోకుండా ఇచ్చిన లింకుకు ఏ గుర్తూ అక్కర్లేదు.

చేయకూడనివి వెంటనే చెప్పేస్తాను. “మీ సైట్‌లో మా లింకు పెడితేనే ఉచితంగా చేరుస్తాం” అనకండి. డూఫాలో లింకు (ఈ గుర్తులేవీ లేని లింకు) ఐదు వందలు అని ప్యాకేజీ పెట్టకండి. డబ్బిచ్చినవాళ్ళను పైన చూపిస్తే పక్కన “ప్రకటన” అని తెలుగులో, కనబడే సైజులో రాయండి. “వెరిఫైడ్” గుర్తు అమ్మకండి, అది మీరు వెళ్ళి చూసినందుకు వచ్చేది.

మీ సైట్‌కు కాస్త పేరొచ్చాక ఫోన్లు మొదలవుతాయి. “మీ సైట్‌లో ఒక ఫోల్డర్ ఇవ్వండి, మా ఆర్టికల్స్ మేమే పెట్టుకుంటాం, నెలకింత ఇస్తాం” అంటారు. ఆ ఆర్టికల్స్ బెట్టింగ్ యాప్‌ల గురించో, లోన్ యాప్‌ల గురించో ఉంటాయి. మీ సైట్ పేరును అద్దెకు తీసుకోవడమే అది. 2024 నుంచి గూగుల్ దీని మీద చర్య తీసుకుంటోంది. ఎంత ఇస్తామన్నా వద్దనండి. మీ సైట్ చూసి నమ్మిన మన ఊరి పిల్లాడు ఆ బెట్టింగ్ యాప్‌లోకి వెళ్తాడు, అది ఇంకా పెద్ద నష్టం.

షాపువాళ్ళ దగ్గర నాకు డబ్బు వచ్చేది ఎక్కువగా ఫొటోలు తీసి, ధరల పట్టిక తెలుగులో తయారుచేసి ఇచ్చినందుకు. దానికి గూగుల్‌తో సంబంధమే లేదు.

6. “మీ షాపు చేర్చండి” ఫారం

తెరిచి వదిలేస్తే వారంలో నిండిపోతుంది, మన ఊరి షాపులతో కాదు. క్యాప్చా, అంటే నింపేది మనిషా యంత్రమా అని తేల్చే చిన్న పరీక్ష, పెట్టండి. వచ్చిన ఎంట్రీ మీరు ఒప్పుకునేదాకా సైట్‌లో పుట్టకూడదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో “పెండింగ్” అని ఉన్నా పేజీ బయటికి తెరుచుకుంటుంది. లాగిన్ లేకుండా వేరే ఫోన్‌లో తెరిచి చూసుకోండి. ఒప్పుకునే ముందు ఆ నంబరుకు ఒక్క ఫోన్ చేయండి. ఆ రెండు నిమిషాలతో స్పామ్ దాదాపు మొత్తం ఆగిపోతుంది.

7. రివ్యూలు

వేరే సైట్లలోని రివ్యూలు, నక్షత్రాలు తెచ్చి పెట్టకండి. రేటింగ్ మార్కప్‌కు (సెర్చ్ ఇంజిన్లకు అర్థమయ్యేలా వివరాలను కోడ్‌లో రాయడాన్ని మార్కప్ అంటారు) అలా పోగుచేసినవి వాడకూడదని గూగుల్ స్పష్టంగా చెబుతోంది. మీ సైట్‌లో మనుషులు రాసినవే చూపండి. మూడే ఉంటే మూడే ఉండనివ్వండి. ఆన్‌లైన్ రివ్యూలకు 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) “ఐఎస్ 19000” అనే ప్రమాణం తెచ్చింది. రాసినవాళ్ళు నిజమైన మనుషులేనా అని చూసుకోవడం దాని సారం. చెడ్డ రివ్యూ తీసేయమని షాపువాళ్ళు డబ్బిస్తామంటారు. తీసేయకండి, వాళ్ళ జవాబు దాని కిందే పెట్టండి.

8. సాంకేతికంగా చూసుకోవాల్సినవి

ఇవి కొన్నే. సైట్‌మ్యాప్‌లో, అంటే మీ పేజీల చిరునామాలు సెర్చ్ ఇంజిన్లకు ఇచ్చే ఫైల్‌లో, ఇండెక్స్ కావాల్సిన పేజీలే ఉండాలి. ఒక ఫైల్‌లో 50,000 చిరునామాల దాకా పడతాయి, మనకు ఆ బెంగ లేదు. “ఆఖరిసారి మార్చిన తేదీ” నిజమైనదే ఇవ్వండి. రోజూ అన్నిటికీ ఇవాళ్టి తేదీ పడేలా పెడితే గూగుల్ దాన్ని నమ్మడం మానేస్తుంది. లోకల్ బిజినెస్ మార్కప్‌లో రాసిన పని వేళలు, పేజీలో కనబడే పని వేళలు ఒకటే ఉండాలి. ఫోన్‌లో ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలి. ఫొటోలు చిన్నవి చేస్తే చాలావరకు ఇది తీరిపోతుంది. ఫోన్ నంబరు మీద ప్రకటన వచ్చి కూర్చోకూడదు.

షాపు మూసేస్తే దాని పేజీని హోమ్ పేజీకి మళ్ళించకండి. గూగుల్ దాన్ని సాఫ్ట్ 404 (పేజీ లేకపోయినా ఉన్నట్టు చూపడం) అంటుంది, వచ్చినవాళ్ళకూ అర్థం కాదు. జనం ఇంకా ఆ పేరు వెతుకుతుంటే “ఈ షాపు మూసేశారు, ఆ వీధిలో ఇంకో రెండు ఉన్నాయి” అని పేజీ ఉంచండి. ఎవరూ వెతకకపోతే 404 (పేజీ లేదు) గానీ 410 (పేజీ తీసేశాం) గానీ ఇచ్చి వదిలేయండి.

9. ఆరు నెలలకోసారి తిరగండి

నేను రెండుసార్లు తిరుగుతాను. ఒకటి వేసవిలో. ఇంకోటి పైడితల్లి అమ్మవారి సిరిమాను అయ్యాక. విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమాను కదా, ఆ హడావిడి తగ్గాక వారం రోజులు షాపుల్లో మాట్లాడే తీరిక దొరుకుతుంది. ప్రతి పేజీ మీద “సరిచూసిన నెల” కనబడేలా రాయండి. ఏడాది దాటినా చూడలేకపోయిన పేజీకి నోఇండెక్స్ పెట్టేయండి.

సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

సోమవారం పొద్దున్న పావుగంట చాలు. సెర్చ్ కన్సోల్ తెరవండి.

ముందు మాన్యువల్ యాక్షన్స్ చూడండి. “సమస్యలు లేవు” అని ఉంటే మనిషి వేసిన పెనాల్టీ లేనట్టే. నాకు ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది ఈ పేజీ ఒక్కసారైనా తెరవకుండానే పెనాల్టీ అని టెన్షన్ పడుతుంటారు. పక్కనే ఉన్న సెక్యూరిటీ ఇష్యూస్ కూడా చూడండి.

తర్వాత పేజ్ ఇండెక్సింగ్. “క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్” కింద పేజీలు పెరుగుతుంటే, గూగుల్ చూసి పక్కన పెట్టిందని అర్థం. ఆ లిస్టులోంచి పది తీసి చదవండి. పదీ ఒకేలా ఉన్నాయా? అయితే మూడో మెట్టుకు వెళ్ళండి. “డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్” పెరుగుతుంటే ఇంకా చూడనే లేదు. అక్కర్లేని చిరునామాలు ఎక్కువగా పుడుతున్నాయేమో నాలుగో మెట్టులో వెతకండి. ఇండెక్స్ అయిన పేజీల సంఖ్య మీ షీట్‌లోని ఎంట్రీల కంటే బాగా ఎక్కువగా ఉన్నా మంచిది కాదు. ఫిల్టర్ పేజీలు జారిపోయాయని గుర్తు.

నెలకోసారి గూగుల్‌లో ఇంగ్లీషులో site అని రాసి, కోలన్ (:) పెట్టి, మీ డొమైన్ పేరు, దాని పక్కన క్యాసినో, బెట్టింగ్, లోన్ లాంటి మాటలు ఒక్కోటీ కొట్టి చూడండి. మీరు పెట్టని పేజీలు కనబడితే ఫారంలోంచి స్పామ్ దూరిందన్నమాట, లేదా సైట్ హ్యాక్ అయిందన్నమాట.

నిజంగానే పెనాల్టీ పడితే

మాన్యువల్ యాక్షన్ అయితే అందులో కారణం రాసి ఉంటుంది. ఆ కారణానికి సంబంధించిన పేజీలన్నీ సరిచేయండి. ఉదాహరణగా చూపించిన రెండు మూడు మాత్రమే కాదు, మొత్తం. తర్వాత పునఃపరిశీలన అర్జీ పెట్టండి. అందులో ఏం జరిగింది, ఏం తీసేశారు, మళ్ళీ జరగకుండా ఏం చేశారు అన్నవి రాయండి. ఎన్ని పేజీలు తీసేశారో అంకె ఇవ్వండి. జవాబుకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టవచ్చు. ఈలోగా రోజుకో అర్జీ పెట్టకండి.

మాన్యువల్ యాక్షన్ లేకుండా సందర్శకులు పడిపోతే అర్జీ పెట్టే దారి లేదు. బలహీనమైన పేజీలు తీయడం, మిగిలినవి బాగు చేయడం, ఎదురుచూడటం. ఇది నెలల పని. “పది రోజుల్లో పెనాల్టీ తీయిస్తాం” అనే ఏజెన్సీకి డబ్బు కట్టకండి. నేను కట్టాను, వాళ్ళు ఇంకో రెండు వందల చెత్త లింకులు తెచ్చిపెట్టారు. డిసవో ఫైల్ (నా సైట్‌కు వచ్చే ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దు అని గూగుల్‌కు ఇచ్చే జాబితా) కూడా మీ సైట్‌కు లింకులు కొన్న చరిత్ర ఉంటేనే. లేకపోతే దాని జోలికి వెళ్ళకండి.

డొమైన్ మార్చేస్తే పోతుందా అని కూడా అడుగుతుంటారు. అవే పేజీలు తీసుకెళ్తే కొత్త పేరు మీద అదే కథ మళ్ళీ జరుగుతుంది. ఆరు వేల పేజీల్లో మీరు వెళ్ళి చూసినవి ఎన్నో లెక్కపెట్టండి. యాభై ఉంటే ఆ యాభై ఉంచి, మిగతావాటికి ఇవాళే నోఇండెక్స్ పెట్టి, రేపు పొద్దున్న యాభై ఒకటో షాపుకు బయల్దేరండి.